2 జీబీ ర్యామ్ కంప్యూటర్‌కు లినక్స్: ఏది ఎంచుకోవాలి, ఎలా ఎక్కించాలి?

తెనాలిలో మా బాబాయ్ దగ్గర 2013 నాటి ల్యాప్‌టాప్ ఒకటి ఉంది. 2 జీబీ ర్యామ్, పాత తిరిగే హార్డ్‌డిస్క్. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో ఉచిత సపోర్ట్ ఆపేసింది. విండోస్ 11 ఎక్కాలంటే కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్, టీపీఎం 2.0 భద్రతా చిప్ ఉండాలి. 2 జీబీ ర్యామ్‌తో అది కుదరదు కాబట్టి లినక్స్ వేద్దామని నేనే చెప్పాను. పేరున్న ఒక డిస్ట్రో (లినక్స్ రకం) లైవ్ ఇమేజ్‌ను, అంటే ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచే ప్రతిని, పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వెళ్లాను. డెస్క్‌టాప్ చక్కగా వచ్చింది. బాబాయ్‌కి చూపిద్దామని బ్రౌజర్‌లో ఒక పాట పెట్టి, పక్కనే ఇన్‌స్టాలర్ మొదలుపెట్టాను.

డెబ్భై శాతం దాటాక మౌస్ బాణం ఆగిపోయింది. పాట తెగిపోయింది. పెన్‌డ్రైవ్ లైటు మాత్రం ఆగకుండా మిణుకుమంటూనే ఉంది. అరగంట చూశాం. "ఏరా, చచ్చిపోయిందంటావా?" అన్నారు బాబాయ్. లేదు బాబాయ్, ఊపిరాడక కొట్టుకుంటోంది అన్నాను. నిజంగా జరిగింది అదే. ర్యామ్ నిండిపోయినప్పుడు కెర్నల్ (సిస్టమ్‌కు గుండెకాయ) తన దగ్గరున్న ప్రోగ్రామ్ ముక్కల్ని వదిలేసి, అవసరం రాగానే వాటినే మళ్లీ పెన్‌డ్రైవ్ నుంచి చదువుకుంటుంది. చదివింది పెట్టుకోవడానికి చోటుండదు కాబట్టి ఇంకో ముక్కను వదులుతుంది. ఆ లైటు మిణుకుమనడం అందుకే.

అదే ల్యాప్‌టాప్‌లో అదే సాయంత్రం వేరే పద్ధతిలో డెబియన్ అనే లినక్స్ ఎక్కింది, ఇప్పటికీ నడుస్తోంది. ఆ రోజు నాకు బాగా తెలిసొచ్చిన సంగతి: ఒక ఆపరేటింగ్ సిస్టమ్ నడవడానికి కావలసిన ర్యామ్ వేరు, దాన్ని ఎక్కించడానికి కావలసిన ర్యామ్ వేరు. కొన్ని పద్ధతుల్లో అసలు కన్నా కొసరు ఎక్కువ. మనం మాత్రం "2 జీబీకి ఏ లినక్స్ మంచిది?" అనే ఒక్క ప్రశ్న వేసుకుని ఆగిపోతాం. అందుకని ఇక్కడ పద్ధతి సంగతి ముందు, డిస్ట్రో సంగతి తర్వాత చెబుతాను.

## ముందు చూసుకోవలసినవి

ర్యామ్ నిజంగా ఎంత? పెట్టె మీద రాసిందంతా మీకు దక్కదు. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని యంత్రాల్లో డిస్‌ప్లే కోసం కొంత ర్యామ్ ముందే పక్కకు పోతుంది. 2 జీబీ అన్నచోట 1.8 చూపిస్తే కంగారు పడకండి. కొన్ని యంత్రాల్లో బయోస్‌లోకి వెళ్లి ఆ వాటాను తగ్గించుకోవచ్చు.

ప్రాసెసర్ 32-బిట్టా, 64-బిట్టా? పాత విండోస్ 7 "32-బిట్" అని చూపించినంత మాత్రాన ప్రాసెసర్ 32-బిట్ అయిపోదు. కోర్ 2 డ్యుయో, ఆ తర్వాతి ఇంటెల్ కోర్ ప్రాసెసర్లన్నీ 64-బిట్టే. 2008 ప్రాంతంలో చిన్న నెట్‌బుక్కుల్లో వచ్చిన ఆటమ్ ఎన్270 లాంటివి మాత్రం నిజంగా 32-బిట్. ఇది ఇప్పుడు చాలా ముఖ్యం. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో 32-బిట్ పీసీలకు ఇన్‌స్టాలరే లేదు.

డిస్క్ ఏ రకం? ర్యామ్ చాలనప్పుడు సిస్టమ్ స్వాప్ వాడుకుంటుంది, అంటే డిస్క్‌లో కొంత భాగాన్ని ర్యామ్ లాగా వాడుతుంది. ఎస్‌ఎస్‌డీ మీద స్వాప్ ఓర్చుకోదగ్గదే. తిరిగే డిస్క్ మీద అయితే తల ప్రాణం తోకకొస్తుంది.

ఇంటర్నెట్ ఎలా ఉంది? కొన్ని పద్ధతులు ఇన్‌స్టాల్ మధ్యలోనే జీబీ దాకా డౌన్‌లోడ్ చేస్తాయి. రోజుకింత అని లెక్క ఉన్న మొబైల్ డేటాతో పని అయితే ఇది ముందే తేల్చుకోవాలి.

పాత విండోస్ ఉండాలా, పోవాలా? డ్యూయల్ బూట్ చేస్తే, అంటే ఒకే యంత్రంలో రెండు సిస్టమ్‌లు పెట్టుకుంటే, ర్యామ్ సగం సగం అవుతుందని చాలామంది అనుకుంటారు. అవదు. ఒకసారికి ఒకటే నడుస్తుంది కాబట్టి ర్యామ్ మొత్తం దానిదే. పంచుకునేది డిస్క్‌ను మాత్రమే.

## ఎక్కించే పద్ధతులు

| పద్ధతి | ఎక్కించేటప్పుడు ర్యామ్ | ఇంటర్నెట్ | ఎలాంటి యంత్రానికి |
|---|---|---|---|
| లైవ్ ఇమేజ్, గ్రాఫికల్ ఇన్‌స్టాలర్ | 2 జీబీతో బిగుతు, 4 జీబీతో హాయి | అక్కర్లేదు | 4 జీబీ, ఆపైన |
| డెబియన్ నెట్‌ఇన్‌స్ట్, టెక్స్ట్ ఇన్‌స్టాలర్ | చాలా తక్కువ, 512 ఎంబీ–1 జీబీతో కూడా | తప్పదు | 1–2 జీబీ |
| డెబియన్ డీవీడీ ఇమేజ్, టెక్స్ట్ ఇన్‌స్టాలర్ | పైదానిలాగే | అక్కర్లేదు | 1–2 జీబీ, నెట్ సరిగా లేనిచోట |
| ఫ్రూగల్ పద్ధతి (పప్పీ) | తక్కువ | అక్కర్లేదు | విండోస్‌ను కదపకుండా వాడాలంటే |
| డిస్క్ తీసి వేరే కంప్యూటర్‌లో ఎక్కించడం | పాత యంత్రం ర్యామ్‌తో పనే లేదు | ఇష్టాన్ని బట్టి | పెన్‌డ్రైవ్ నుంచి బూట్ కానివి |
| నెట్‌వర్క్ బూట్ | ఇన్‌స్టాలర్‌ను బట్టి చాలా తేడా | లోకల్ నెట్‌వర్క్ | ల్యాబులు |

### లైవ్ ఇమేజ్

ఎక్కువమంది వాడేది ఇదే. పెన్‌డ్రైవ్ నుంచి మొత్తం డెస్క్‌టాప్ లేస్తుంది, అందులో ఇన్‌స్టాల్ గుర్తు నొక్కాలి. వైఫై, సౌండ్, స్క్రీన్ పనిచేస్తున్నాయో లేదో డిస్క్‌ను ముట్టుకోకుండానే చూసుకోవచ్చు. ఆ ఒక్క సుగుణం కోసమైనా, చివరికి ఏ పద్ధతిలో ఎక్కించినా సరే, ఒకసారి లైవ్‌లో లేపి చూడమంటాను.

దీని బరువు ఎక్కడుందంటే, లైవ్ సెషన్‌లో మీరు రాసే ప్రతీదీ ర్యామ్‌లోకే వెళ్తుంది. పెన్‌డ్రైవ్‌లోని ఇమేజ్‌ను మార్చడానికి వీల్లేదు కాబట్టి, మార్పులన్నీ ర్యామ్‌లో కట్టిన ఒక తాత్కాలిక అరలో పడతాయి. బ్రౌజర్ తెరిస్తే దాని క్యాష్ అందులోకే. ఒక ఫైల్ డౌన్‌లోడ్ చేస్తే అదీ అందులోకే. 2 జీబీలో డెస్క్‌టాప్, ఆ అర, ఇన్‌స్టాలర్ మూడూ ఇమడాలి. నేను పాట పెట్టి చేసిన పొరపాటు ఇదే.

2 జీబీలో తప్పనిసరిగా లైవ్ నుంచే చేయాలంటే మార్గం లేకపోలేదు. లైవ్‌లో లేవగానే ఇంకేమీ తెరవకుండా జీపార్టెడ్ (డిస్క్‌ను భాగాలుగా విడగొట్టే ప్రోగ్రామ్) తెరవండి. డిస్క్‌లో 2 నుంచి 4 జీబీల స్వాప్ పార్టిషన్ చేసి, దాని మీద రైట్ క్లిక్ కొట్టి స్వాప్ ఆన్ చేయండి. ఇన్‌స్టాలర్‌కు ఇప్పుడు ఊపిరాడుతుంది. తర్వాత ఇన్‌స్టాలర్‌లో "డిస్క్ మొత్తం చెరిపెయ్" ఎంచుకోకండి, వాడుకలో ఉన్న స్వాప్‌ను అది చెరపలేక మొరాయిస్తుంది. మాన్యువల్ పార్టిషన్ ఎంచుకుని, ఆ స్వాప్‌ను అలాగే ఉంచి, మిగతా చోటు సిస్టమ్‌కు ఇవ్వండి. డిస్క్‌లో దాచుకోవలసినవి ఉంటే పార్టిషన్‌ను ముట్టుకునే ముందే వేరేచోట కాపీ పెట్టుకోవాలి.

ఇంకో మాట. బూట్ మెనూలో కొన్నిచోట్ల "టు ర్యామ్" అనే వరుస కనిపిస్తుంది. ఇమేజ్ మొత్తాన్ని ర్యామ్‌లోకి ఎక్కించి పెన్‌డ్రైవ్ తీసేయనిస్తుంది. 8 జీబీ ఉంటే బాగుంటుంది. 2 జీబీలో దాని జోలికి పోవద్దు.

### డెబియన్ టెక్స్ట్ ఇన్‌స్టాలర్

బాబాయ్ ల్యాప్‌టాప్‌ను బతికించింది ఇది. నీలం తెర, బూడిదరంగు పెట్టెలు, మౌస్ ఉండదు. బాణం గుర్తులు, ట్యాబ్, స్పేస్, ఎంటర్‌తోనే పని. చూస్తే భయమేస్తుంది కానీ అడిగే ప్రశ్నలు లైవ్ ఇన్‌స్టాలర్ అడిగేవే.

ఇది తక్కువ ర్యామ్‌తో సరిపెట్టుకోవడానికి కారణం, డెస్క్‌టాప్‌ను లేపకుండా నేరుగా డిస్క్‌లోకి ఒక్కో ప్యాకేజీనీ విప్పుకుంటూ పోవడం. ర్యామ్ మరీ తక్కువగా కనిపిస్తే లో మెమరీ మోడ్‌లోకి తనంతట తానే వెళ్తుంది. అనువాదాలను పక్కన పెట్టేస్తుంది. ఇంకా తక్కువైతే ఏయే భాగాలు లోడ్ చేయాలో మిమ్మల్నే అడుగుతుంది. పార్టిషన్ల మెట్టు దాటగానే స్వాప్ ఆన్ అవుతుంది కాబట్టి అక్కడిదాకా చేరితే ఇక టెన్షన్ ఉండదు.

నెట్‌ఇన్‌స్ట్ ఇమేజ్ జీబీ లోపే. మిగతాది ఇన్‌స్టాల్ మధ్యలో దింపుకుంటుంది. డెబియన్ 12 నుంచి వైఫై ఫర్మ్‌వేర్ ఇమేజ్‌లోనే ఇస్తున్నారు కాబట్టి, వెనకటిలా ఫర్మ్‌వేర్ కోసం రెండో పెన్‌డ్రైవ్ వెతుక్కునే బాధ చాలావరకు తగ్గింది. వైఫై లేకపోతే ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి టెథరింగ్ పెట్టి చూడండి.

నెట్ నమ్మకం లేని ఊళ్లో మాత్రం నెట్‌ఇన్‌స్ట్ వద్దు. మధ్యలో తెగితే చిరాకు. డెబియన్ మొదటి డీవీడీ ఇమేజ్‌ను మంచి నెట్ ఉన్నచోట దింపుకుని 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్లండి. అదే టెక్స్ట్ ఇన్‌స్టాలర్ అందులోనూ ఉంది, డెస్క్‌టాప్ కూడా అందులోంచే ఎక్కుతుంది. పేరు డీవీడీ ఇమేజే గానీ డీవీడీ డ్రైవ్ అక్కర్లేదు. ఊళ్లకు వెళ్లేటప్పుడు నా సంచిలో ఉండేది ఇదే.

ఒక్కచోట జాగ్రత్త. చివర్లో ఏ సాఫ్ట్‌వేర్ కావాలో అడిగే జాబితా వస్తుంది. అందులో డెబియన్ డెస్క్‌టాప్, దాని కింద గ్నోమ్ (బరువైన డెస్క్‌టాప్) రెండూ ముందే టిక్ పెట్టి ఉంటాయి. చూసుకోకుండా ఎంటర్ కొడితే 2 జీబీ యంత్రం మీద గ్నోమ్ కూర్చుంటుంది. స్పేస్ నొక్కి గ్నోమ్ టిక్ తీసేసి తేలికైన డెస్క్‌టాప్‌లైన ఎల్ఎక్స్‌క్యూటీ గానీ ఎల్ఎక్స్‌డీఈ గానీ పెట్టండి. డెబియన్ డెస్క్‌టాప్ అన్న పై వరుసలో కూడా టిక్ తీసేయండి. అది ఒక్కటే మిగిలితే మళ్లీ గ్నోమే వస్తుంది.

### ఫ్రూగల్ పద్ధతి

పప్పీ లినక్స్‌ను 2003లో ఆస్ట్రేలియాకు చెందిన బ్యారీ కౌలర్ మొదలుపెట్టారు. దాని దారి మిగతావాటికి పూర్తిగా భిన్నం. సిస్టమ్ మొత్తం రెండు మూడు పెద్ద ఫైళ్లలో ఉంటుంది. వాటిని డిస్క్‌లో ఒక ఫోల్డర్‌లో పెట్టి బూట్ మెనూకు దారి చూపిస్తే చాలు. కొత్త పార్టిషన్ అక్కర్లేదు. మీరు చేసిన మార్పులు ఒక సేవ్ ఫైల్‌లోకి వెళ్తాయి. ర్యామ్ సరిపడా ఉంటే ఫైళ్లన్నీ అందులోకి ఎక్కి, పాత యంత్రం కూడా చురుగ్గా కదులుతుంది. సరిపోకపోతే డిస్క్ నుంచే చదువుకుంటుంది.

దీని లోటు కూడా చెప్పాలి. మామూలుగా అందులో మీరు రూట్ యూజర్‌గానే పనిచేస్తారు. అంటే ఏ ప్రోగ్రామ్ అయినా ఏ ఫైల్‌నైనా చెరపగలదు. బ్యాంకు పనులు చేసే యంత్రానికి నేను దీన్ని సలహా ఇవ్వను. పాత డిస్క్‌లోంచి ఫొటోలు బయటికి తీయడానికి, పిల్లలకు చూపించడానికి భేషుగ్గా ఉంటుంది.

### డిస్క్ తీసి వేరే యంత్రంలో

పెన్‌డ్రైవ్ నుంచి బూట్ కాని పాత యంత్రాలున్నాయి, ర్యామ్ మరీ తక్కువవీ ఉన్నాయి. వాటి డిస్క్ విప్పి, మంచి కంప్యూటర్‌కు తగిలించి, అక్కడ లినక్స్ ఎక్కించి, తిరిగి బిగించేయవచ్చు. విండోస్‌తో ఇలా చేస్తే చాలాసార్లు పేచీ వస్తుంది. లినక్స్ మాత్రం ప్రతి బూట్‌లోనూ హార్డ్‌వేర్‌ను కొత్తగా గుర్తుపడుతుంది కాబట్టి మామూలుగా లేచేస్తుంది.

రెండు చోట్ల తడబడతారు. మొదటిది, యూఈఎఫ్‌ఐ (పాత బయోస్ స్థానంలో వచ్చిన పద్ధతి) బూట్. ఏ ఫైల్‌తో బూట్ అవ్వాలన్న నమోదు డిస్క్‌లో కాకుండా ఆ మంచి కంప్యూటర్ మదర్‌బోర్డులో మిగిలిపోతుంది. డెబియన్ ఎక్స్‌పర్ట్ మోడ్‌లో గ్రబ్‌ను (సిస్టమ్‌ను లేపే చిన్న ప్రోగ్రామ్‌ను) తీసి పెట్టే మీడియా (రిమూవబుల్ మీడియా) దారిలో కూడా వేయమంటారా అని అడుగుతుంది, అవును అనండి. రెండోది, డిస్క్ ఎన్‌క్రిప్షన్. ఇప్పటి లక్స్2 పద్ధతిలో తాళం తెరవడానికే ర్యామ్ కావాలి, ఎక్కించిన యంత్రాన్ని బట్టి 1 జీబీ దాకా. 8 జీబీ కంప్యూటర్‌లో తాళం వేసిన డిస్క్‌ను 1 జీబీ యంత్రంలో పెడితే పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టినా తెరుచుకోకపోవచ్చు. ఎన్‌క్రిప్షన్ కావాలంటే అది ఉండబోయే యంత్రంలోనే ఎక్కించండి.

### నెట్‌వర్క్ బూట్

పెన్‌డ్రైవ్ లేకుండా లోకల్ నెట్‌వర్క్ నుంచే ఇన్‌స్టాలర్‌ను లేపడం ఇది. ఒక్క ల్యాప్‌టాప్ ఉన్నవారు ఈ భాగం దాటేయవచ్చు. బడిలోనో ట్రైనింగ్ సెంటర్‌లోనో పదిహేను పాత డెస్క్‌టాప్‌లు ఉన్నవారికి ఇదే మేలు. ఇక్కడ ఇన్‌స్టాలర్ తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. డెబియన్ నెట్‌బూట్‌లో కెర్నల్, ఒక చిన్న ఇన్‌స్టాలర్ మాత్రమే నెట్‌వర్క్ మీద వస్తాయి. ఉబుంటు సర్వర్ లైవ్ ఇన్‌స్టాలర్‌ను ఇలా లేపితే ఐఎస్ఓ ఇమేజ్ మొత్తాన్ని ర్యామ్‌లోకి దింపుకుంటుంది. ఎక్కాక చాలా తక్కువ ర్యామ్‌తో నడిచే సర్వర్, ఎక్కేటప్పుడు అంతకు ఎన్నో రెట్లు అడుగుతుంది. ల్యాబుకు డెబియన్ నెట్‌బూట్, ప్రశ్నలన్నిటికీ ముందే జవాబులు రాసిపెట్టే ప్రీసీడ్ ఫైల్, ప్యాకేజీలను ఒక్కసారే దింపి అందరికీ పంచే ఆప్ట్ క్యాషర్ ఎన్‌జీ ఉంటే పదిహేను యంత్రాలు ఒక రోజు పని.

## ఏ సిస్టమ్?

పద్ధతి తేలితే సగం పని అయినట్టే. కింది పట్టికలో ఖాళీగా ఉన్నప్పటి ర్యామ్ అంకెలు నేను వేసిన యంత్రాల్లో చూసినవి, కాస్త అటూ ఇటూ ఉంటాయి.

| సిస్టమ్ | ఖాళీగా ఉన్నప్పుడు ర్యామ్ | 32-బిట్ | ఎక్కే దారి | నా మాట |
|---|---|---|---|---|
| ఆంటిక్స్ 23 | 200–300 ఎంబీ | ఉంది | లైవ్, చాలా తేలిక | 1 జీబీకి మొదటి ఎంపిక |
| డెబియన్ + ఎల్ఎక్స్‌క్యూటీ | 400–500 ఎంబీ | డెబియన్ 12 వరకు | టెక్స్ట్ ఇన్‌స్టాలర్ | 2 జీబీకి మొదటి ఎంపిక |
| లుబుంటు | 500 ఎంబీ పైన | లేదు | లైవ్ | 3–4 జీబీకి |
| లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ | 700 ఎంబీ దరిదాపు | లేదు | లైవ్ | 4 జీబీకి మొదటి ఎంపిక |
| క్రోమ్ ఓఎస్ ఫ్లెక్స్ | – | లేదు | డిస్క్ మొత్తం చెరిపి | 4 జీబీ, బ్రౌజర్ పని మాత్రమే |

ఆంటిక్స్ లైవ్ ఇమేజే అయినా నేను పైన చెప్పిన బాధ దీనికి తక్కువ, ఎందుకంటే దాని డెస్క్‌టాప్ ఐస్‌డబ్ల్యూఎం అంత చిన్నది. 256 ఎంబీ యంత్రాల్లో కూడా, ముందుగా స్వాప్ చేసి ఉంటే నడుస్తుందని దాని తయారీదారులే చెబుతారు. ఫుల్, బేస్, కోర్, నెట్ అని నాలుగు సైజుల్లో వస్తుంది. కొత్తవాళ్లు ఫుల్ తీసుకోవాలి. దీని మెనూలు కొంచెం చిందరవందరగా అనిపిస్తాయి. విండోస్‌కు అలవాటుపడ్డ పెద్దవాళ్లకు మొదటి వారం పక్కన ఎవరో ఒకరు ఉండాలి.

డెబియన్‌ గురించి ఒక్క హెచ్చరిక. డెబియన్ 13లో తాత్కాలిక ఫైళ్ల ఫోల్డర్‌ను ర్యామ్‌లోకి మార్చారు. అది ర్యామ్‌లో సగం దాకా పెరగగలదు. ఏదైనా ప్రోగ్రామ్ పెద్ద ఫైల్‌ను అక్కడ విప్పితే 2 జీబీ యంత్రం ఉక్కిరిబిక్కిరి అవుతుంది. సిస్టమ్‌డీలో (సిస్టమ్ సేవలను నడిపే భాగంలో) టెంప్ మౌంట్ (tmp.mount) అనే యూనిట్‌ను మాస్క్ చేసి, అంటే మొదలవకుండా ఆపి, రీస్టార్ట్ చేస్తే అది మళ్లీ డిస్క్‌లోకి వెళ్తుంది. బాబాయ్ ల్యాప్‌టాప్‌లో నేను చేసిన మొదటి మార్పు అదే.

లినక్స్ మింట్ కనీసం 2 జీబీ అంటుంది, హాయిగా ఉండాలంటే 4 అంటుంది. ఆ రెండో అంకెనే నమ్మండి. విండోస్ నుంచి వచ్చినవాళ్లకు ఇంతకన్నా సులువైనది నేను చూడలేదు. 4 జీబీ ఉంటే ఇంకేమీ ఆలోచించకుండా ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం తీసుకోవచ్చు.

గూగుల్ వారి క్రోమ్ ఓఎస్ ఫ్లెక్స్‌కు 4 జీబీ ర్యామ్, 16 జీబీ స్టోరేజ్ కావాలి. పక్కన విండోస్ ఉంచుకోనివ్వదు. ఆండ్రాయిడ్ యాప్‌లు రావు. నెట్ లేనప్పుడు చేయగలిగింది తక్కువ. పిల్లల చదువుకు, మెయిళ్లకు వాడే ఇంట్లో మాత్రం దాని నిర్వహణ భారం దాదాపు ఉండదు, అది చిన్న సుఖం కాదు.

ఏది వేసినా ర్యామ్‌ను తినేది సిస్టమ్ కాదు, బ్రౌజర్. ఖాళీగా 300 ఎంబీ తీసుకుంటుందా 600 తీసుకుంటుందా అని డిస్ట్రోల మధ్య లెక్కలు వేస్తాం. నాలుగు ట్యాబులు తెరిస్తే ఆ తేడా అందులో కలిసిపోతుంది. అందుకే 2 జీబీ వాళ్లు జెడ్‌ర్యామ్ తప్పకుండా పెట్టుకోవాలి. ర్యామ్‌లోనే ఒక భాగంలో వాడుకలో లేని సమాచారాన్ని నొక్కి పెట్టి ఉంచుతుంది. తిరిగే డిస్క్ మీది స్వాప్ కంటే ఎన్నో రెట్లు వేగం. ఫెడోరా 2020 నుంచి దీన్ని అందరికీ ముందే ఆన్ చేసి ఇస్తోంది. డెబియన్‌లో జెడ్‌ర్యామ్ టూల్స్ ప్యాకేజీ వేసుకోవాలి. కొద్దిపాటి డిస్క్ స్వాప్ కూడా వెనకాల ఉంచుకోండి.

ఖాళీ ర్యామ్ చూసేటప్పుడు "ఫ్రీ" కింద ఉన్న అంకె చూసి గుండెలు బాదుకోవద్దు. మిగిలిన ర్యామ్‌ను లినక్స్ ఫైళ్ల క్యాష్‌కు వాడుకుంటుంది, అడిగితే ఇచ్చేస్తుంది. చూడవలసింది "అవైలబుల్" అన్న అంకె.

## ఎవరు ఏం చేయాలి?

ఇంట్లో పెద్దవాళ్లకు, 2 జీబీ: డెబియన్, ఎల్ఎక్స్‌క్యూటీ, టెక్స్ట్ ఇన్‌స్టాలర్. అంతకన్నా ముందు ఒక పని చేయండి: ల్యాప్‌టాప్ అడుగు మూత విప్పి రెండో ర్యామ్ స్లాట్ ఖాళీగా ఉందేమో చూడండి. సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర చెనాయ్ ట్రేడ్ సెంటర్ (సీటీసీ)లో, అలాంటి ఏ మార్కెట్‌లోనైనా పాత డీడీఆర్3 చిప్‌లు దొరుకుతాయి. కొనేముందు డీడీఆర్3ఎల్ కావాలా అన్నది చూసుకోవాలి. ఇంటెల్ నాలుగో తరం, ఆ తర్వాతి ల్యాప్‌టాప్‌లు చాలావాటికి తక్కువ వోల్టేజీ ఎల్ రకమే పడుతుంది. 4 జీబీ చేయగలిగితే ఈ వ్యాసంలో సగం ఇబ్బందులు మీకు ఉండవు. మింట్ వేసుకోండి.

జిరాక్స్, ఆన్‌లైన్ దరఖాస్తుల షాపు, 4 జీబీ డెస్క్‌టాప్: ఇక్కడ నిర్ణయించేది ర్యామ్ కాదు. వేలిముద్ర పరికరం, డిజిటల్ సంతకం టోకెన్, ప్రింటర్ వీటికి లినక్స్ డ్రైవర్ ఉందో లేదో. లైవ్‌లో లేపి ఒక్కొక్కటీ తగిలించి చూడండి. ఒక్కటి పనిచేయకపోయినా డ్యూయల్ బూట్‌తో సరిపెట్టుకోండి, ఉపాధిని పణంగా పెట్టవద్దు. డ్యూయల్ బూట్‌కు ముందు విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపేయాలి, బిట్‌లాకర్ (విండోస్ డిస్క్ తాళం) ఉంటే దాని రికవరీ కీ కాగితం మీద రాసి పెట్టుకోవాలి.

ఇంజినీరింగ్ విద్యార్థి, 8 జీబీ, విండోస్ 11: ల్యాబ్ కోసమే లినక్స్ కావాలంటే, విండోస్ లోపలే దాన్ని నడిపే డబ్ల్యూఎస్ఎల్ చాలు. అది మామూలుగా మొత్తం ర్యామ్‌లో సగం వరకు తీసుకోగలదు, కావాలంటే సెట్టింగ్ ఫైల్‌లో 3 జీబీకి కట్టడి చేయవచ్చు. వర్చువల్ మెషీన్ 8 జీబీలో నడుస్తుంది గానీ పక్కన బ్రౌజర్, కోడ్ ఎడిటర్ తెరిస్తే ఇరుకు. లినక్స్ లోతుగా నేర్చుకోవాలన్న పట్టుదల ఉంటే డ్యూయల్ బూట్ చేయండి, 8 జీబీ మొత్తం చేతికొస్తుంది.

నిజంగా 32-బిట్ యంత్రం, 1 జీబీ: ఆంటిక్స్ 32-బిట్. రాతపనికి, పీడీఎఫ్ చదవడానికి, పాటలకు పనికొస్తుంది. ఇప్పటి వీడియో సైట్లు దాని మీద ఆశించవద్దు.

## తెలుగు సంగతి

తక్కువ ర్యామ్‌కు, తెలుగుకు ఇన్‌స్టాల్ దగ్గరే చిక్కు పడుతుంది. డెబియన్ ఇన్‌స్టాలర్ తెలుగులో ఉంది, కానీ గ్రాఫికల్ రకంలోనే. టెక్స్ట్ తెర మన ఒత్తులనూ గుణింతాలనూ చూపించలేదు కాబట్టి అక్కడి భాషల జాబితాలో తెలుగు కనిపించదు. దీని కోసం గ్రాఫికల్ వైపు వెళ్లి ర్యామ్ ఖర్చు పెట్టుకోకండి. ఇంగ్లిష్‌లో ఎక్కించి, తర్వాత లొకేల్‌లలో (భాషా సెట్టింగుల్లో) తెలుగు చేర్చుకోవచ్చు. ఫాంట్ల కోసం లోహిత్ తెలుగు వేసుకోండి. పోతన, వేమన ఫాంట్లు కావాలంటే తెలుగు ఎక్స్‌ట్రా అనే ఫాంట్ ప్యాకేజీలో ఉన్నాయి.

టైపింగ్‌కు ఐబస్ అనే ప్రోగ్రామ్, దానితో ఎం17ఎన్ ప్యాకేజీ వేస్తే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డుతో పాటు ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టే పద్ధతి కూడా వస్తుంది. మింట్‌లో ఇది సెట్టింగుల నుంచే అయిపోతుంది. తేలికైన డెస్క్‌టాప్‌లలో ఐబస్ తనంతట తాను మొదలవకపోవచ్చు. ఎల్ఎక్స్‌క్యూటీలో సెషన్ సెట్టింగుల్లోని ఆటోస్టార్ట్ జాబితాలో, ఆంటిక్స్‌లో స్టార్టప్ ఫైల్‌లో దాన్ని చేర్చాలి. ఒకసారి లాగౌట్ అయి వస్తే మూలన చిన్న కీబోర్డు గుర్తు కనబడుతుంది.

బాబాయ్ ఆ రాత్రే కూర్చుని పెన్షనర్ల సంఘం కార్యదర్శికి ఉత్తరం కొట్టారు. "కార్యదర్శి"లో య ఒత్తు, "దర్శి"లో ర మీద శ ఒత్తు సరిగ్గా పడ్డాయా అని కళ్లజోడు పైకెత్తి తెరకు దగ్గరగా వంగి చూశారు. పడ్డాయి. లిబ్రేఆఫీస్, ఒక బ్రౌజర్ ట్యాబ్ తెరిచి ఉన్నాయి, అవైలబుల్ కింద ఇంకా 600 ఎంబీ చూపిస్తోంది.